మైకు ముందు మేజోడు

నలభై ఏడో ఏట పిడుగుకు ప్రపంచం గుర్తొచ్చింది.

అంతకుముందు అతని పాటల్లో ప్రపంచం లేదని కాదు. ఉంది. కానీ దాని పనల్లా అతను వస్తుంటే పక్కకు జరిగి దారి ఇవ్వడమే. ఇరవై ఏళ్లకు పైగా ర్యాప్ పాడుతున్నాడు. నేనెవరో తెలుసా, నా కారు చూశావా, నా గొలుసు బరువెంతో ఊహించు, నా పేరు వింటే వణుకు. ఇంతకు మించి మరో సంగతి జోలికి పోలేదు. కారు ఎన్నడూ లేదు. పాడటానికి ఎక్కడికి వెళ్లినా స్నేహితుడి స్కూలు వ్యానులోనే, పిల్లలు సీట్లకు అంటించిన చూయింగ్ గమ్ చూసుకుని కూర్చుని వెళ్తాడు. గొలుసు మాత్రం ఉంది. చెమట పడితే మెడ ఆకుపచ్చగా అవుతుంది.

ఈ జ్ఞానోదయానికి కారణం ఒక ఇంటర్వ్యూ. అడిగిన కుర్రవాడు మహా మర్యాదస్తుడు. “సార్, ఇన్నేళ్లలో మీ గురించి కాకుండా వేరేవాళ్ల గురించి మీరు పాడిన పాట ఒక్కటి చెప్తారా?” అన్నాడు. పిడుగు చాలాసేపు ఆలోచించి, “ఉంది. నా శత్రువు మీద ఒకటి పాడాను,” అన్నాడు. “ఆ పాటలో శత్రువు ఏం చేస్తాడు సార్?” “నన్ను చూసి పారిపోతాడు.” ఆ చిన్న ముక్కను కోసి ఎవరో ఊరంతా పంచారు. పాలప్యాకెట్ల కొట్టువాడు కూడా పిడుగును చూడగానే పారిపోతున్నట్టు నటించడం మొదలుపెట్టాడు.

“చాల్రా. ఇక నుంచి జనం కోసమే పాడతాను,” అన్నాడు పిడుగు వ్యానులో కూర్చుని.

“పాడతాను!” అన్నాడు స్టీరింగు దగ్గరున్న స్నేహితుడు.

ఆ స్నేహితుణ్ణి అందరూ డబుల్ అంటారు. వ్యాను నడపడం పొట్ట కోసం. అసలు వృత్తి, స్టేజి మీద రెండో మైకు పట్టుకుని పిడుగు పాడే ప్రతి పాదంలోనూ చివరి మాటను తనూ గట్టిగా అనడం. అలా అంటేనే పాటకు ఊపు. ముందు పాడేవాడికి ఊపిరి తీసుకునే సందు దొరికేదీ అప్పుడే. చేసి చేసి అది జబ్బులా పట్టుకుంది. మామూలు మాటల్లో కూడా వదలదు. పెళ్లిలో వధువు వైపు పెద్దలు “పిల్లను బాగా చూసుకో నాయనా” అంటే “నాయనా!” అన్నాడని చెప్పుకుంటారు.

“ఊరికే అరవకు, నీ అభిప్రాయం చెప్పు.”

“చెప్పు!” అన్నాడు డబుల్. తర్వాత సిగ్గుపడి, “బాగానే ఉంటుంది. కానీ మనకు జనం గురించి ఏం తెలుసు?” అన్నాడు. ఆ ప్రశ్నను పిడుగు వ్యానులోనే వదిలేసి దిగాడు.

పిడుగు స్టూడియో అంటే పడగ్గదిలో బట్టల బీరువా. బట్టలు చప్పుడును పీల్చుకుంటాయి కాబట్టి గొంతు గదిలో గింగురుమనకుండా నిలకడగా పడుతుంది. ఎడమ సగంలో భార్య షాపు యూనిఫారాలు, కుడి సగంలో దుప్పట్లు. నడుమ మైకు వేలాడదీసి, తల లోపలా వీపు బయటా పెట్టి పాడతాడు. వెనక నుంచి చూసేవాళ్లకు దొంగ ఎవరో ఇరుక్కుపోయినట్టుంటుంది.

కొత్త పాట పేరు ‘ఓ ప్రపంచమా’. అందులో లేనిది లేదు. యుద్ధాలు, ఎండిన నదులు, అమ్ముడుపోయిన ఓట్లు, మూతపడిన బడులు, కరిగే మంచు. చివర్లో కొంచెం చోటు మిగిలితే తిమింగలాలను కూడా ఇరికించాడు. తీరా రికార్డు చేయబోతే చిక్కొచ్చింది. ప్రజలు, పేదలు, ప్రభుత్వం, పెత్తనం, పోరాటం. జనం గురించి ఏం చెప్పబోయినా ‘ప’ ఎదురొస్తోంది. ‘ప’ అన్నప్పుడల్లా గాలి ఫట్టున వెళ్లి మైకును కొడుతోంది. వెనక్కి తిప్పి వింటే ప్రజాపోరాటమంతా వరసగా టైర్లు పేలినట్టుంది. పాత పాటలకు ఈ బాధ లేదు. నేను, నా, నన్ను అని ముక్కుతో మెత్తగా అయిపోయేవి.

దీనికి విరుగుడు ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. వైరుతో గుండ్రటి చట్రం చేసి, దానికి సాగే పల్చటి బట్ట బిగించి మైకు ముందు అడ్డం పెట్టాలి. ఆడవాళ్లు మోకాళ్లదాకా వేసుకునే మేజోడు అయితే శ్రేష్ఠం. పిడుగు సొరుగు లాగాడు. గోధుమరంగువి ఒక జత కనిపించాయి. మామూలువాటికన్నా దిట్టంగా ఉన్నాయి, ఇంకా మంచిదే అనుకున్నాడు. ఒకదాన్ని మడమ దగ్గర కత్తిరించి, బట్టల హ్యాంగరును వంచి, డ్రమ్ముకు తోలు బిగించినంత శ్రద్ధగా బిగించాడు. ‘ప్రజలు’ అని చూశాడు. వెన్నలా దిగింది. ఆ సాయంత్రమంతా బీరువాలో తల పెట్టుకుని ప్రపంచాన్ని ఓదార్చాడు.

పొద్దున్నే భార్య మంచం అంచున కూర్చుని ఒక కాలికి మేజోడు ఎక్కిస్తోంది. అది అంత తేలిగ్గా ఎక్కదు. రెండు చేతులతో పట్టి, పళ్లు బిగించి, అంగుళం అంగుళం పైకి లాగాలి. లాగడం అయ్యాక ఆవిడ సొరుగులో వెతికింది, మంచం కింద వెతికింది, ఉతికిన బట్టల్లో వెతికింది.

“రెండోది చూశావా?”

పిడుగు దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. చూడకపోవడమేమిటి, నిన్నంతా దాని ఎదుటే నిలబడ్డాడు. ఆవిడ యూనిఫారం కోసం బీరువా తెరిచింది. అక్కడ హ్యాంగరు చట్రంలో తన మేజోడు పున్నమి చంద్రుడిలా వేలాడుతోంది.

“ఇదేంటి?”

“పాప్ ఫిల్టర్.”

“అంతకుముందు ఏంటి?”

పిడుగు దుప్పటి సర్దుకున్నాడు. “కొత్తది కొనిస్తాలే. మేజోడేగా.”

“డాక్టర్ రాసిచ్చింది అది. కాళ్ల నరాలు ఉబ్బకుండా వేసుకోమన్నాడు.”

“నరాలెందుకు ఉబ్బుతాయి?”

“నిలబడి నిలబడి.”

“మధ్యలో కాసేపు కూర్చోవచ్చుగా?”

ఆవిడ అతని వైపు, ఈ లోకానికి కొత్తగా వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. కోపం కూడా రాలేదు. “ఓ ప్రపంచమా,” అని మాత్రం అంది. ఒక కాలికి మేజోడుతో, ఒక కాలికి లేకుండా చెప్పులేసుకుని, “పోనీలే, ఒక కాలికైనా న్యాయం జరిగింది,” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

పిడుగు మనసు చివుక్కుమంది. వెంటనే మందుల షాపుకు వెళ్లాడు. షాపువాడు రకరకాల పెట్టెలు దింపి, “చీలమండ దగ్గర చుట్టుకొలత ఎంత? పిక్క దగ్గర ఎంత?” అని అడిగాడు. పద్దెనిమిదేళ్ల కాపురం. ఆవిడ కళ్ల మీద రెండు పాటలు, నవ్వు మీద ఒకటి రాశాడు. కాళ్లదాకా ఎప్పుడూ రాలేదు. “సుమారుగా చెప్పండి,” అన్నాడు షాపువాడు. పిడుగు చేతులతో గాల్లో ఏదో సైజు చూపించాడు. “అది తొడండీ,” అన్నాడు షాపువాడు.

ఒక టేపు కొనుక్కుని భార్య పనిచేసే షాపుకు బయల్దేరాడు. ఆవిడ అక్కడ చేరి ఏళ్లయింది కానీ అతను లోపల ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అక్కడ గుమ్మం నుంచి పైకప్పుదాకా తగ్గింపు ధరల బోర్డులుంటాయి. గొలుసు బరువు గురించి పాడేవాడు అక్కడ కంటపడితే పరువు పోతుందని అతని భయం.

చెప్పుల విభాగం రెండో అంతస్తులో ఉంది. కస్టమర్లు కూర్చుని చెప్పులు వేసి చూసుకోవడానికి ఎర్ర స్టూళ్లు నాలుగు ఉన్నాయి. రెండింటి మీద ఎవరో సంచులు పెట్టుకున్నారు, రెండు ఖాళీ. పక్కనే భార్య నిటారుగా నిలబడి ఉంది. దూరం నుంచి చూస్తే బట్టలు తొడిగిన బొమ్మల్లో ఆవిడ కూడా ఒకటనిపించింది. అతణ్ణి చూడగానే కళ్లతో వద్దు వద్దని, నోటితో “రండి సార్, ఏం చూపించమంటారు?” అని అంది. ఆ కళ్లు చూపించిన వైపు టై కట్టుకున్న ఫ్లోర్ మేనేజరు చేతిలో వాకీటాకీతో పచార్లు చేస్తున్నాడు.

పిడుగు స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ మోకాళ్ల మీద వంగి అతని పాదాన్ని కొలతపలక మీద పెట్టింది.

“ఎందుకొచ్చావ్?” గొంతు తగ్గించి అడిగింది.

“పిక్క కొలవాలి.”

“ఎవరిది?”

“నీదే.”

“సార్ సైజు తొమ్మిది,” అంది ఆవిడ పైకి.

“ఒక్క నిమిషం ఈ స్టూలు మీద కూర్చో, ఇట్టే కొలిచేస్తా.”

“కూర్చుంటే పేరు రాస్తారు. ఆనుకున్నా రాస్తారు. కస్టమర్లు లేకపోయినా సరే.”

అప్పుడు చూశాడు పిడుగు. అంతస్తు మొత్తంలో పనివాళ్లకని ఒక్క కుర్చీ లేదు. ఎదురుగా సెంటు సీసాల కౌంటరులో నెలలు నిండుతున్న అమ్మాయి ఒకతె ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద ఆనించి, కాసేపటికి కాలు మార్చి, కొంగలా నిలబడి ఉంది. అలా నిలబడే కస్టమరుకు నవ్వుతూ మణికట్టు మీద సెంటు చల్లుతోంది. భార్య కాళ్ల వైపు చూశాడు. మేజోడు లేని కాలు చెప్పు పట్టీ మీదకు పొంగింది. పాట కోసం అన్యాయాన్ని వెతుక్కుంటూ మంచుకొండల దాకా వెళ్లొచ్చాడు, ఇది మాత్రం తన మంచం అంచున కూర్చుని రోజూ పళ్లు బిగించి మేజోడు ఎక్కించుకుంటోంది.

అంతలో మేనేజరు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. “పిడుగన్నా! మీరేనా?”

పిడుగు అలవాటు కొద్దీ నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు.

“అన్నా, రోజూ పొద్దున షట్టర్ తీసేముందు మీ ‘లేచి నిలబడు’ పాటే వేస్తాం. స్టాఫంతా వరసగా నిలబడాలి. మీరు ‘నేనొచ్చా, నేనొచ్చా, లేచి’ అని ఆపగానే వీళ్లంతా ‘నిలబడు’ అని అరవాలి. మా పెద్దాయనకు ఆ పాటంటే ప్రాణం. దాంతో స్టాఫ్‌కు హుషారొస్తుందంటాడు.”

నిజం చెప్పాలంటే, పిడుగు ఛాతీ ముందు ఉబ్బింది. నాలుగు అంతస్తుల షాపులో రోజూ తన పాట! తర్వాతే భార్య వైపు చూశాడు. ఆవిడ అట్టపెట్టె మీద సైజు నెంబరు శ్రద్ధగా చదువుకుంటోంది. ఉబ్బిన ఛాతీ ఉబ్బినంత వేగంగానే దిగిపోయింది.

“ఆదివారం మా వార్షికోత్సవం, మీరు వచ్చి పాడాల్సిందే అన్నా. ఈవిడొకతె,” అని మేనేజరు నవ్వుతూ వేలు చూపించాడు, “అరవడంలో బాగా వెనకబడుతుంది. మీరే ఒక మాట చెప్పండి, మీరు చెబితే వింటుంది.”

“నేను చెబితే వింటుందని మీకెవరు చెప్పారు?” అన్నాడు పిడుగు.

“సార్, బూట్లు బాగా పట్టాయి,” అంది ఆవిడ పళ్ల మధ్య నుంచి. “బిల్లు వేయించమంటారా?”

మేజోళ్ల కోసం బయల్దేరిన పిడుగు అక్కర్లేని బూట్లతో ఇంటికి చేరాడు.

సాయంత్రం ఆవిడ వాచిన కాలును గోరువెచ్చటి నీళ్ల బకెట్టులో పెట్టుకుని కూర్చుంది. పిడుగు గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతున్నాడు.

“ఆదివారం స్టేజి మీద చెప్పేస్తా. ఆ పెద్దాయన మొహం మీదే.”

“చెప్పు. సోమవారం నుంచి నేను ఇంట్లో కూర్చుంటా. మనకు కావలసింది కూర్చోవడమేగా.”

పిడుగు తిరగడం ఆపాడు. “రోజూ నా పాటకే నిలబడుతున్నావని ఒక్కసారైనా చెప్పలేదేం?”

“చెబితే ఏం చేసేవాడివి? గర్వపడేవాడివి.”

ఆ మాట నిజమేనని ఆ మధ్యాహ్నమే అతనికి తెలిసింది. సిగ్గుపడుతూనే, బతిమాలుతున్నట్టు కొత్త పాట వినిపించాడు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. పాట సగానికి వచ్చేసరికి వింటోందా నిద్రపోతోందా అనే అనుమానం కలిగింది.

“ఎలా ఉంది?”

“తిమింగలాలు బాగున్నాయి.”

“మిగతాది?”

“ఊపిరాడదు. అన్నీ నువ్వే చెప్పేశావు. ఏడ్చేది నువ్వే, ఓదార్చేది నువ్వే. పాత పాటల్లో నయం, కనీసం చివరి మాటైనా జనానికి వదిలేవాడివి.” నీళ్లలో కాలు కదిపింది. “మేం కుర్చీలు అడగలేదనుకున్నావా? అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. కూర్చుంటే బద్ధకంగా కనబడతారని తిప్పి పంపారు. నువ్వొచ్చి ప్రసంగం చేస్తే నిన్ను మెచ్చుకుంటారు, మమ్మల్ని పంపేస్తారు. అందుకని ఆదివారం ఆ పాట ఉన్నదున్నట్టు పాడు. ఒక్క అక్షరం మార్చనని ఒట్టేయి.”

“మరి నేను చేసేదేముంది?”

“ఎప్పుడూ చేసేదే. చివరి మాట వదిలెయ్యి. మైకు మా వరస వైపు పెట్టు. ఆ తర్వాత సంగతి నీకెందుకు?”

పిడుగు ఒట్టేశాడు కానీ మనసు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లకు ఒకసారి జనం కోసం నోరు తెరుద్దామనుకుంటే సొంత భార్యే నోటికి తాళం వేసింది. ఆ తర్వాతి రోజుల్లో ఆవిడ వంటింట్లో గొంతు తగ్గించి ఎవరెవరితోనో ఫోనులో మాట్లాడింది. అతను గుమ్మంలోకి రాగానే కుక్కరు గాస్కెట్టు గురించి మాట్లాడేది. ఇంతమందితో మాట్లాడాల్సినంత ఏముంది ఆ గాస్కెట్టులో అనుకున్నాడు.

ఆదివారం షాపు కింది అంతస్తులో, కదిలే మెట్ల పక్కన స్టేజి వేశారు. ముందు సోఫాలో యజమాని పెద్దాయన. చుట్టూ సంచులతో కస్టమర్లు. ఎడమవైపు గోడ పొడవునా యూనిఫారాల్లో పనివాళ్లంతా వరసగా, చేతులు వెనక్కి కట్టుకుని. వరస మధ్యలో భార్య, ఆవిడ పక్కన సెంటు కౌంటరు అమ్మాయి. వాళ్ల వెనక మేనేజరు.

పిడుగు కొత్త బూట్లతో స్టేజి ఎక్కాడు. మైకు అందుకోగానే ఒట్టు సంగతి మరిచి నాలుక దురద పెట్టింది. ఇంతమంది జనం, ఎదురుగా ఆ పెద్దాయన, చేతిలో మైకు. ఇలాంటి అదను మళ్లీ రాదు. “పెద్దలారా, ప్రజలారా,” అన్నాడు. రెండు ‘ప’లూ స్పీకర్లలో ఫట్ ఫట్‌మని పేలాయి. జనం ఉలిక్కిపడ్డారు. పిడుగు కళ్లు అప్రయత్నంగా ఆ వరసలో రెండు కాళ్ల మీదకు వెళ్లాయి. ఒకదానికి మేజోడు ఉంది, ఒకదానికి లేదు. అవి అక్కడ కదలకుండా, అతనేం చేస్తాడోనని కాచుకుని ఉన్నాయి. పిడుగు మింగేశాడు. ప్రసంగం అన్నం ముద్దలా గొంతులోంచి కిందికి దిగింది.

“నేనొచ్చా!” అని పాట అందుకున్నాడు.

“వచ్చా!” అన్నాడు డబుల్.

కారు వచ్చింది, గొలుసు వచ్చింది, శత్రువు పారిపోయాడు. పెద్దాయన సోఫాలో తొడ మీద తాళం వేస్తున్నాడు. పల్లవి దగ్గరికి రాగానే పిడుగు అలవాటు ప్రకారం గాల్లోకి ఎగిరి దిగి, “నేనొచ్చా, నేనొచ్చా, లేచి” అని ఆపి, చెయ్యి చాచి మైకును గోడ దగ్గరి వరస వైపు పెట్టాడు.

చడీచప్పుడు లేదు.

డబుల్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎవరైనా ఒక మాట అంటేనే కదా అతనికి రెండోసారి అనేది. పిడుగు మళ్లీ పాడాడు. “నేనొచ్చా, నేనొచ్చా, లేచి.” వరస నిశ్శబ్దంగా ఎదురుగా చూసింది. మేనేజరు వెనక నుంచి “అరవండమ్మా, అరవండి” అని గుసగుసలాడాడు. పిడుగు వీపు మీద చెమట కారింది. మెడ ఆకుపచ్చబడుతోందని తెలుస్తూనే ఉంది. మూడోసారి మెల్లిగా, దాదాపు అడుగుతున్నట్టుగా అన్నాడు. “నేనొచ్చా, నేనొచ్చా, లేచి?”

“కూర్చో,” అంది అతని భార్య.

అరవడంలో వెనకబడుతుందని పేరుపడ్డ మనిషి. కానీ ఆ మాట మైకులో పడి నాలుగు అంతస్తులూ ఎక్కింది. డబుల్‌కు ఆలోచించే వ్యవధి ఎక్కడిది? “కూర్చో!” అని ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. అలా అరవగానే తామూ అరవాలని కస్టమర్లకు తెలుసు. పాటంటే అంతేగా. “కూర్చో!” అన్నారు వందమంది.

గోడ పొడవునా వరస కూర్చుంది. ఉన్నచోటనే, నేల మీద, యూనిఫారాలతో. సెంటు కౌంటరు అమ్మాయి అందరికన్నా చివర, పక్కవాళ్ల చేతులు పట్టుకుని మెల్లిగా దిగి, కాళ్లు చాపుకుని, “అమ్మయ్యా” అంది. అది కూడా మైకులో వినబడింది. కస్టమర్లకు సరదా పుట్టింది. సంచులు పెట్టి వాళ్లూ కూర్చున్నారు. కదిలే మెట్ల మీద ఒకతను కూర్చునే పైకి వెళ్లిపోయాడు. పెద్దాయన ఇదంతా తన వార్షికోత్సవం కోసం తయారుచేసిన కొత్త రకమనుకుని చప్పట్లు కొట్టి, “బ్రహ్మాండం! మళ్లీ, మళ్లీ!” అన్నాడు.

స్టేజి కింద నిలబడి ఉన్నది ఒక్క మేనేజరే. అటు చూశాడు, ఇటు చూశాడు. యజమాని చప్పట్లు కొడుతుంటే ఎవరి పేరని రాయాలి? చివరికి టై వదులు చేసుకుని, గోడను పట్టుకుని తనూ కూర్చున్నాడు. మోకాళ్లు టకటకమన్నాయి. ముఖంలో ఎంత హాయి కనిపించిందంటే, ఆయన కూడా పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడన్న సంగతి అప్పుడుగానీ ఎవరికీ తట్టలేదు.

పిడుగు తర్వాతి చరణం ఎత్తుకోలేదు. ఆ చరణం మళ్లీ కారు గురించే కాబట్టి ఎవరికీ లోటనిపించలేదు.

వీడియో ఊరంతా తిరిగింది. షాపుకొచ్చిన కస్టమర్లు “మీరు కూర్చోరా? పాటలో కూర్చున్నారుగా” అని పనివాళ్లను అడగసాగారు. ఒక ముసలమ్మ అయితే చెప్పుల విభాగంలోని ఎర్ర స్టూలును స్వయంగా మోసుకెళ్లి సెంటు కౌంటరు అమ్మాయికి వేసింది. ముందు ఆ మాట అన్నదెవరని మేనేజరు ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే అందరూ ఒకే జవాబు చెప్పారు: “పాటలో అలాగే ఉంది సార్.” ఆయన కూడా ఎక్కువ తవ్వలేదు. పెద్దాయన దగ్గరికి వెళ్లి స్టూళ్లు కావాలని అడిగింది చివరికి ఆయనే. తన కోసం ఒకటి ఎక్కువ అడిగాడు.

ఆ మర్యాదస్తుడైన కుర్రవాడు మళ్లీ ఫోను చేశాడు. “సార్, మొత్తానికి మీరు జనం పాట రాశారు! ఆ మార్పు ఎవరి ఆలోచన సార్?”

“నేను,” అని మొదలుపెట్టాడు పిడుగు.

“నేను!” అన్నాడు పక్కనున్న డబుల్.

రెండుసార్లు వినేసరికి ఆ మాట ఎంత వికారంగా ఉందో పిడుగుకు తెలిసొచ్చింది. “నేను కాదు. ఆ పాటలో కొత్త మాట ఒక్కటే. అది వాళ్లది. నేను నోరు మూసుకున్నాను, అంతే.”

“అంతే,” అన్నాడు డబుల్, ఈసారి నెమ్మదిగా.

స్టూళ్లు వచ్చిన సాయంత్రం భార్య ఇంటికి రాగానే పిడుగు కుర్చీ లాగి వేశాడు. ఆవిడ కూర్చుంది. అతను ఇన్నాళ్లూ మూలనపడి ఉన్న టేపు తీసుకుని కింద మోకాళ్ల మీద వంగి, కాలిని తొడ మీద పెట్టుకుని, చీలమండ చుట్టూ టేపు తిప్పాడు.

“ఎలా ఉన్నాయి స్టూళ్లు?”

“వీపు ఆనడానికి లేదు. సెక్షన్‌కు ఒక్కటే, వంతులేసుకుంటున్నాం. కస్టమర్ కనబడితే దిగ్గున లేవాలి.” ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. “దాని మీద ఒక పాట రాయి.”

“నేనా?” పిడుగు టేపు మీద నుంచి తల ఎత్తాడు. ముఖం వెలిగిపోయింది.

“నువ్వే. తిమింగలాలు మాత్రం వద్దు.”

అతను చీలమండ కొలతను అరచేతి మీద రాసుకుని, టేపును పిక్క దాకా జరిపాడు. “చివరి మాట ఏం పెట్టమంటావ్?”

“అది మేం చూసుకుంటాం,” అని ఆవిడ రెండో కాలు కూడా అతని ఒళ్లో పెట్టింది. “నువ్వు ముందు టేపు సరిగ్గా పట్టుకో.”